ఎర్రమచ్చల జబ్బుతో నెలన్నర: నా అనుభవం

మేత పళ్ళెం పైకి లాగితే ముందురోజు సాయంత్రం వేసిన గుళికలు నీళ్ళకు ఉబ్బి అలాగే ఉన్నాయి. మా చెరువు కాపలా చూసే పెద్దాయన్ని నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన పళ్ళెం వంక చూసి, "అబ్బాయ్, చేప మేత మానేసిందంటే ఒంట్లో బాగోలేదన్నమాటే" అన్నాడు. రెండ్రోజులుగా మబ్బు పట్టి ఉంది కదా, అందుకే తినలేదనుకున్నాను. మేత కాస్త తగ్గించి వేయమని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత 3 రోజులకు మొదటి చేపలు చచ్చిపోయాయి. ఆ 3 రోజులు నా చేతిలో ఉండి కూడా పోయాయి.

రెండున్నర ఎకరాల చెరువు. శీలావతి, బొచ్చె కలిపి దాదాపు 5,000 చేపలు. సగటున 600 గ్రాములకు వచ్చాయి, అంటే నీళ్ళలో 3 టన్నుల బరువుంది. మొదటి రోజు 4 చేపలు గట్టు వారకు కొట్టుకొచ్చాయి. మర్నాడు 11. ఆ పై రోజు 19. చేతిలోకి తీసుకుంటే రెక్కలు ఒంటికి అతుక్కునే చోట కుంకుమ అద్దినట్టు ఎర్రటి గీతలు. కొన్నిటికి పొలుసులు నిక్కబొడుచుకుని లేచి ఉన్నాయి, పొట్ట ఉబ్బింది, మలద్వారం ఎర్రగా వాచింది. ఒక బొచ్చెకు పక్కమీద రూపాయి బిళ్ళంత పుండు. పైతోలు ఊడి, లోపలి కండ పచ్చిగా కనిపిస్తోంది. బతికి ఉన్నవాటిలో కొన్ని గట్టు దగ్గర నీటిపైకి వచ్చి, మనిషి వెళ్ళినా కదలకుండా తూగుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న శీలావతి మన నీడ పడితేనే పరుగెత్తుతుంది. అది అలా చేతికి అందేంత దగ్గరగా నిలబడి ఉండటం చూస్తే కడుపులో తిప్పింది.

ఇక్కడ నేను చేసిన తప్పు దాచకుండా చెప్పాలి. పక్క చెరువు రైతు దగ్గర కిందటేడు మిగిలిన ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ పొడి ఉంది. "నాకు దీంతోనే తగ్గింది, పట్టుకెళ్ళు" అని ఆయన మంచి మనసుతోనే ఇచ్చాడు. జబ్బేమిటో నాకు తెలియదు. నా చేపల బరువుకు ఎంత కలపాలో తెలియదు. మేతలో చేతికొద్దీ కలిపి 3 రోజులు వేశాను. రెండో రోజు చావులు 19 నుంచి 14కు దిగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో రోజు 27. నాలుగో రోజు 38.

ఆ 38 చేపల్లో నాలుగింటిని సంచిలో వేసుకుని చేపల వ్యాధి నిర్ధారణ ల్యాబుకు వెళ్ళాను. అక్కడి మేడం సంచి విప్పి చూసి, మళ్ళీ మూతి కట్టేశారు. "ఇవి చచ్చి ఎంతసేపయిందండీ?"

"తెల్లవారుజామున పోయి ఉంటాయి మేడం."

"చేప చచ్చిన కొద్ది గంటల్లోనే పేగులో ఉన్న బ్యాక్టీరియా ఒళ్ళంతా పాకేస్తుంది. ఇప్పుడు పరీక్ష చేస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ దీన్ని చంపింది అదేనా, చచ్చాక పెరిగిందా అన్నది తెలీదు. కొనప్రాణంతో ఉన్నవి 5 తీసుకురండి. బాగున్నట్టు కనిపించేవి కూడా 2 తేండి. ఆక్సిజన్ నింపిన సంచిలో, మీ చెరువు నీళ్ళలోనే తేవాలి. నీళ్ళు వేరే సీసాలో, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపండి." అని ఆగి అడిగారు, "మందేమైనా పెట్టారా?"

కాసేపు నసిగాను. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "చెప్పడం మంచిదైంది. ఒంట్లో మందుంటే, మేం పరీక్షకు బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద అది సరిగ్గా పెరగకపోవచ్చు. అప్పుడు జబ్బు లేదని మేం తప్పు చెప్పే ప్రమాదం ఉంది. ఇవాళ్టి నుంచి ఆ మేత ఆపేయండి" అన్నారు. చేప జబ్బు పడితే వెంటనే ఏదో ఒక మందు వేసెయ్యాలన్న తొందర ఎంత నష్టం చేస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు. రోగం తగ్గకపోవడం ఒక నష్టం. అసలు రోగమేమిటో తెలుసుకునే దారి కూడా మూసుకుపోవడం రెండో నష్టం.

మర్నాడు బతికున్న చేపలతో వెళ్ళాను. చూస్తానంటే పక్కన నిలబడనిచ్చారు. మొదట ఒంటి మీది జిగురు గాజు పలక మీదకు గీకి తీశారు. మొప్ప చివర చిన్న ముక్క కత్తిరించి, చుక్క నీళ్ళు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. నన్ను కూడా చూడమన్నారు. మొప్ప దువ్వెన పళ్ళలా ఉంటుందని వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. ఆ పళ్ళ మధ్య సన్నటి పురుగులు ఒక కొసతో పట్టుకుని, రెండో కొసను అటూ ఇటూ ఆడిస్తున్నాయి. మొప్ప పురుగులు. ఒంటి మీద చేప పేను కూడా ఉంది, అదైతే కంటికే కనిపిస్తుంది, బల్లపరుపుగా పప్పుబద్దంత. "ఇవి చంపినవి కాదు, తలుపు తీసినవి" అన్నారు మేడం. పేను కుట్టిన ప్రతి చోటా ఒక చిన్న గాయం. బ్యాక్టీరియాకు అది చాలు.

పొట్ట కోస్తే ఎర్రటి పల్చని నీరు కారింది. కాలేయం పాలిపోయి, అక్కడక్కడా రక్తపు చుక్కలతో ఉంది. వెన్నెముక కింద అంటుకుని ఒక ముదురెరుపు పట్టీ ఉంటుంది, అదే చేప మూత్రపిండం. రక్తంలోకి చేరిన జబ్బయితే అక్కడ తప్పకుండా దొరుకుతుందట. ఆవిడ ఒక గరిటెలాంటి ఇనుప పనిముట్టును మంటలో ఎర్రగా కాల్చి ఆ పట్టీ పైభాగానికి తాకించారు. చుయ్యిమని పొగ వచ్చింది. పైన అంటిన వేరే సూక్ష్మజీవులు చావడానికి అలా చేస్తారు. ఆ కాలిన చోటు గుండా తీగను లోపలికి గుచ్చి, ఆ తడిని అగర్ అనే జెల్లీ పరిచిన ప్లేటు మీద గీతలుగా రాశారు. ప్లేట్లన్నీ 28 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో పెట్టారు.

"ఫలితం వచ్చేదాకా నేనేం చెయ్యాలి మేడం?" అన్నాను. అప్పటికే గట్టు మీద సున్నం బస్తాలు దించి పెట్టుకున్నాను, చల్లేద్దామని.

ఆవిడ నా సీసాలోని నీళ్ళు పరీక్షించి కాగితం మీద రాసి చూపించారు. నీళ్ళ క్షారగుణం ఎంతో చెప్పే పీహెచ్, మధ్యాహ్నం పట్టిన నీళ్ళు కాబట్టి 8.8. మొత్తం అమ్మోనియా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుందని, అందులో ఒకటే విషమని, పీహెచ్ పెరిగేకొద్దీ విషరూపం వాటా పెరుగుతుందని వివరించారు. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే విషం వాటా నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8.8 దగ్గర దాదాపు మూడో వంతు. అంటే నా చెరువులో లీటరుకు అర మిల్లీగ్రాము. 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. "ఇప్పుడు సున్నం చల్లితే పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. మీ చేతులతో మీరే విషం పెంచినట్టవుతుంది. ఆ బస్తాలు అలాగే ఉంచండి." జబ్బు అనగానే సున్నం అని చేతికి అలవాటైపోయింది. పీహెచ్ చూడకుండా సున్నం చల్లడమూ ఊహతో మందు పెట్టడం లాంటిదేనని ఆ కాగితం చూశాక అర్థమైంది.

ఆ రాత్రి నుంచి మేత పూర్తిగా ఆపేశాం. 2 రోజులు గింజ కూడా వేయలేదు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు సాయంత్రం నుంచి ఎండెక్కేదాకా ఆపకుండా తిప్పాం. అడుగు నీళ్ళు తీసి, రోజుకు కొంచెం కొంచెంగా ఐదో వంతు నీళ్ళు మార్చాం. ఒక్కసారిగా మారిస్తే జబ్బు చేపకు అదో దెబ్బ.

ఇవన్నీ చేస్తూ, ఇదంతా ఎక్కడ మొదలైందని వెనక్కి తవ్వుకున్నాం. మేత మిగలడానికి వారం ముందు బరువు చూద్దామని వల లాగించాను. మధ్యాహ్నం, ఎండలో. పొలుసులు రాలిన చేపల్ని చూశాను, పట్టించుకోలేదు. ఆ తర్వాత మబ్బులు పట్టాయి, ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు రెండ్రోజుల్లో గోధుమరంగుకు తిరిగాయి. నీళ్ళకు ఆ పచ్చరంగు ఇచ్చే కంటికి కనిపించని నాచు, అదే ప్లాంక్టన్, చచ్చి అడుగున కుళ్ళింది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయింది, అమ్మోనియా పెరిగింది. ఎండ కాయగానే కొత్త ప్లాంక్టన్ చిక్కగా పుట్టి మధ్యాహ్నాల్లో పీహెచ్ ఎగబాకింది. గాయాలు, పేను, ఊపిరాడని రాత్రులు, విషపు మధ్యాహ్నాలు. అన్నీ ఒకే వారంలో ఆ చేపల మీద పడ్డాయి.

రెండో రోజు సాయంత్రం ల్యాబు నుంచి ఫోన్. వెళ్ళాను. ప్లేటు మీద మీగడ రంగులో గుండ్రటి చుక్కలు, గీత వెంట వరసగా. బ్యాక్టీరియా రకం తెలిపే గ్రామ్ రంగు వేసి చూస్తే గులాబీ రంగు కడ్డీలు. ఒక కాగితం మీద రసాయనం వేసి, ప్లేటు మీది బ్యాక్టీరియాను పుల్లతో తీసి దానిపై రాశారు. కొద్ది క్షణాల్లోనే ముదురు ఊదా రంగుకు తిరిగింది. ఇంకొన్ని పరీక్షలు కూడా కలిపి, నా చేపలకు ఎర్రమచ్చలు తెచ్చిన బ్యాక్టీరియాకు ఆవిడ చెప్పిన పేరు ఏరోమోనాస్ హైడ్రోఫిలా. బయటి నుంచి వచ్చిన శత్రువేమీ కాదట. మామూలు చెరువు నీళ్ళలో, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులో కూడా ఉంటుంది. 1891లో సనరెల్లి అనే ఇటలీ శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించింది కప్పల్లోనట. చేప బలంగా ఉన్నంతకాలం ఊరుకుంటుంది, చేప నీరసించిన రోజున రక్తంలోకి దిగుతుంది. చెరువంతా క్రిమిరహితం చేస్తే పోతుందనుకున్న నా ఆలోచన అక్కడే పోయింది.

తర్వాత చూపించిన ప్లేటు నేను మరిచిపోలేను. ప్లేటు నిండా బ్యాక్టీరియాను పరిచి, పైన రకరకాల మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగక, చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు ఖాళీ ఏర్పడుతుంది. ఆంపిసిలిన్ బిళ్ళ అంచుదాకా పెరిగిపోయింది. ఈ జాతికి ఆంపిసిలిన్‌ను తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుందని చెప్పారు. ఫ్లోర్‌ఫెనికాల్ చుట్టూ వెడల్పాటి శుభ్రమైన ఖాళీ. నేను 3 రోజులు పోసిన ఆక్సీటెట్రాసైక్లిన్ బిళ్ళ చుట్టూ గోరంచు అంత చోటు. స్కేలుతో కొలిచి, తట్టుకుంటోందని రాశారు. ఆ 3 రోజుల్లో నా మందు తేలిగ్గా లొంగే బ్యాక్టీరియానే చంపింది. లొంగనివాటికి చోటు ఖాళీ చేసి ఇచ్చింది. ఈ తట్టుకునే గుణం ఒకదాని నుంచి ఇంకోదానికి, వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందుతుందట. ఆ మాట విన్నాక నా చెరువు నీళ్ళు వెళ్ళే కాలువ, ఆ కాలువ మీద బతికే మిగతా చెరువులు గుర్తొచ్చి నోట మాట రాలేదు.

మోతాదు లెక్క ఆవిడ నా చేతే వేయించారు. కిలో చేప బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల ఫ్లోర్‌ఫెనికాల్. 3 టన్నులకు 30 గ్రాములు. చేపలు ఇప్పుడు తినేది ఒంటి బరువులో నూటికి ఒక వంతే, అంటే 30 కిలోల మేత. కాబట్టి కిలో మేతకు ఒక గ్రాము అసలు మందు. మా దగ్గరున్న పొడిలో మందు సగమే, మిగతాది కలిపిన పదార్థం. అందుకని రోజుకు 60 గ్రాముల పొడి తూచాలి. చేతికొద్దీ వేసిన ఆ 3 రోజుల్ని తలుచుకుంటే సిగ్గేసింది. ఈ అంకెలు నా ప్లేటుకూ, నా చేపల బరువుకూ వచ్చినవి. ఇంకొకరి చెరువుకు వాళ్ళ ప్లేటు వాళ్ళే చూడాలి.

పొడిని నూనెలో కలిపి గుళికలకు పట్టించి నీడలో ఆరబెట్టాం. రోజూ తినగలిగినంతే, మొదటి పూటే వేశాం. మేడం ముందే హెచ్చరించారు: "మొదటి 3 రోజులు చావులు తగ్గవు, బెదిరిపోకండి. జబ్బు ముదిరిన చేప మేత తినదు, తినని చేపకు మందు అందదు. మీరు కాపాడుతున్నది ఇంకా తింటున్న వాటిని." నిజంగా అలాగే జరిగింది. 40, 41, 33. తర్వాత 21, 12, 5. ఆరో రోజున బాబాయ్, "ఇంక ఆపేద్దామా, మందు మిగులుతుంది" అన్నాడు. వద్దన్నాను. 10 రోజులూ పూర్తిగా వేశాం. తొమ్మిదో రోజు నుంచి చావుల్లేవు. అన్నీ కలిపి 260కి పైగా పోయాయి.

పోయిన చేపల్ని రోజుకు రెండుసార్లు ఏరాం. నీళ్ళకు దూరంగా లోతుగా గొయ్యి తీసి, పొరపొరకూ పొడిసున్నం వేసి పూడ్చాం. గట్టు మీది సున్నం బస్తాలు చివరికి అందుకు పనికొచ్చాయి. ఆ పనిలోనే బాబాయ్ చేతికి దెబ్బ తగిలింది. వల తాడు బొటనవేలి పక్కన కోసింది. చిన్నదే కదా అని గుడ్డ చుట్టుకున్నాడు. రెండో రోజుకు మణికట్టు దాకా వాచి, ఎర్రగా, ముట్టుకుంటే కాలిపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఒకటే మాట గట్టిగా చెప్పాను: జబ్బు చేపల్ని ఏరుతుంటే తెగింది, చెరువులో ఏరోమోనాస్ ఉంది, ఏ మందుకు లొంగుతోందో రిపోర్టు ఇదిగో. డాక్టరు ఆ కాగితం శ్రద్ధగా చదివి మందు మొదలుపెట్టారు. చెయ్యి దక్కింది. ఈ బ్యాక్టీరియా తెగిన చర్మం గుండా మనిషికీ పాకుతుందని నాకు ముందే తెలిసి ఉంటే ఆయన్ని ఒట్టి చేతులతో నీళ్ళలో దిగనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు గట్టు మీద మోచేతి దాకా వచ్చే గ్లౌజులు ఉన్నాయి. చేతికి గాయం ఉన్న రోజున ఎవరూ దిగరు.

చావులు ఆగిన వారంలోపే కొనేవాళ్ళు వచ్చారు. చేపలు చూడటానికి బాగున్నాయి, ఇచ్చేయమన్నారు. చేప ఒంట్లో మందు మిగిలి ఉండగా అమ్మకూడదు. మందు ఆపాక ఎన్ని రోజులు ఆగి అమ్మాలో సీసా మీద గడువు రాసి ఉంటుంది. చేప నెత్తురు చల్లనిది కాబట్టి నీళ్ళు వెచ్చగా ఉంటే మందు త్వరగా బయటికి పోతుంది, చల్లగా ఉంటే ఆలస్యమవుతుంది. అందుకని కొన్నిచోట్ల రోజుల బదులు డిగ్రీల లెక్క కడతారు. రోజువారీ నీటి ఉష్ణోగ్రతలు కూడుతూ పోయి మొత్తం 500 అయ్యేదాకా ఆగాలి. మా నీళ్ళు 29 దగ్గర ఉన్నాయి, అంటే 18 రోజులు. నేను 25 రోజులు ఆగాను. అప్పులు ఉన్నాయి, ఆ 25 రోజుల మేత ఖర్చు ఉంది. అయినా ఏ ఇంట్లోనో పిల్లలు తినే చేప అది.

ఆ ఖాళీ రోజుల్లో మేడంతో ఇంకోసారి మాట్లాడాను, టీకాలు లేవా అని. చలిదేశాల్లో పెంచే సాల్మన్ అనే చేపకు ఉన్నాయట. నార్వేలో 1987లో సాల్మన్ పెంపకానికి దాదాపు 50 టన్నుల యాంటీబయోటిక్ వాడారు. టీకాలు వచ్చాక, అప్పటికంటే ఎన్నో రెట్లు చేప పెంచుతూ కూడా ఇప్పుడు ఏడాదికి టన్ను లోపే వాడుతున్నారు. మందు దాదాపు మానేసి కూడా చేపను బతికించవచ్చని అంత పెద్ద ఎత్తున చేసి చూపించారు వాళ్ళు. నా చేతిలో టీకా లేదు. పేను ఉంది, వల ఉంది, ఆక్సిజన్ ఉంది. వాటి పని పట్టాను. చేప పేను గుడ్లను కర్రలకూ రాళ్ళకూ వరసగా అంటిస్తుంది. నీళ్ళలో పాతిన పాత కర్రలన్నీ పీకేసి, వాటి బదులు కొన్ని చెక్క పలకలు దించాం. వారానికోసారి పైకి తీసి గుడ్లు గీకేసి ఎండలో వేస్తున్నాం. వల తెల్లవారగానే, ఏరియేటర్లు తిరుగుతుండగా తప్ప లాగడం లేదు.

గడువు తీరాక వల లాగిన పొద్దున ఒక బొచ్చె చేతికి వచ్చింది. పక్కమీద రూపాయి బిళ్ళంత చోట పొలుసులు కొత్తగా, మిగతావాటికంటే చిన్నగా, కాస్త వంకరగా మొలిచాయి. కింద కండ గట్టిగా ఉంది. బాబాయ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసి, తట్టలో వేయకుండా నీళ్ళలోకి వదిలేశాడు. నేనేమీ అనలేదు.

కాపలా గుడిసెలో ఇప్పుడు ఒక క్యాలెండర్ వేలాడుతోంది. బాబాయ్‌కు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు ఆక్సిజన్ మీటర్ నీళ్ళలో ముంచి, వచ్చిన అంకెను ఆ తేదీ గడిలో పెన్సిలుతో వేస్తాడు. 4 కంటే దిగితే నాకు ఫోన్ చేస్తాడు. ఇవాళ్టి గడిలో 4.6 ఉంది. కింద ఇంకో చిన్న గుర్తు, మేత పళ్ళెం బొమ్మ. లోపల ఏమీ గీయలేదు, పళ్ళెం ఖాళీ అని.